రెండుసార్లు మోగిన గంట

మా ఆర్డ్‌లెన్‌లో బతికున్నవాళ్ళం ఏటికి ఇవతల ఉంటాం, పోయినవాళ్ళు అవతల ఉంటారు. మధ్యలో గ్రిజెల్ డౌ ఉండేది. నలభై ఏడేళ్ళు ఆ రేవులో పడవ వేసింది. ఆమె గురించి చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కూడా కాదు. అడిగితే బిగుసుకుపోవడం మా ఊరి జబ్బు.

ఊరంటే ఎంత, నలభై ఇళ్ళు, ఒక్క వీధి. ఇళ్ళన్నీ లెన్ నదికి వీపు తిప్పి కట్టినవే. "పగలంతా దాని మొహమే చూత్తన్నాం, ఇంటికొచ్చాక కూడా అదేనా?" అనేవాడు మా తాత. కొట్టు గోడ మీద వరదలొచ్చిన సంవత్సరాలు మేకుతో గీసి ఉంటాయి. ఒక గీత మోకాలి దాకా, ఒకటి నడుం దాకా, మా ముత్తాతల నాటిది నా తల పైన జానెడు ఎత్తున. మా ఊరి చరిత్ర అంటే ఆ గీతలే. మధ్యలో ఉన్ని మిల్లు ఒకటొచ్చింది, కాలిపోయింది. రైలొస్తుందన్నారు, పక్క ఊరికి పోయింది. సాల్మన్ చేపలు మాత్రం ఏటా వచ్చేవి. మేం వలలు వేసేవాళ్ళం, పట్నంలో ఎవరో తినేవాళ్ళు.

చర్చీ, సమాధుల తోటా అవతలి ఒడ్డున ఉన్నాయి. వెనకటికి మఠం వాళ్ళెవరో అటు కట్టి పోయారు. మూడు మైళ్ళు ఎగువకి వెళ్తే రాతి వంతెన ఉంది. అయినా మావాళ్ళు శవాన్ని వంతెన మీద తీసుకెళ్ళరు. ఊరు వెలేసినవాడికి తప్ప ఆ గతి పట్టదంటారు. పడవలోనే దాటాలి, అదీ అవతలున్న అయినవాళ్ళు రేవు గంట కొట్టి పిలిస్తేనే దాటాలి. అటు ఎవరూ లేనివాళ్ళకి గోతులు తవ్వే మనిషి కొడతాడు. అయినవాళ్ళుంటే అతను ఆ తాడు ముట్టడు.

గంట మూడుసార్లు మోగాలి. పడవకోసం వచ్చిన బతికున్న మనిషికైనా అంతే, శవపెట్టెలో ఉన్న మనిషికైనా అంతే. రెండే మోగితే పిలిచింది మనిషి కాదు, ఏరు. పొగమంచులో నీటిగుర్రం, అంటే ఏట్లో ఉండే గుర్రం రూపు దయ్యం, వచ్చి గంటని కుమ్ముతుందని, దానికి మూడు లెక్కపెట్టడం రాదని పాలతో పాటే మాకు పట్టిస్తారు. మీకు నవ్వొస్తే నవ్వండి. గ్రిజెల్ తాత ఒక మంచు రోజున రెండు దెబ్బలకే పడవ తీశాడు. పడవలో మరో ముగ్గురున్నారు. నాలుగు పేర్లూ ఒకే సమాధి రాయి మీద చెక్కి ఉన్నాయి. ఆ రాయి చూసినవాడెవడూ నవ్వలేదు.

గ్రిజెల్ పొడుగు మనిషి, ఎముకలే తప్ప కండ లేదు. తండ్రి కోటు, తండ్రి బూట్లు, తండ్రి తెడ్లు. ఊళ్ళో ఏటి వైపు కిటికీ ఉన్న ఇల్లు ఆమెదొక్కటే, గంట స్తంభం కనిపించాలి కాబట్టి. మాట తక్కువ, ఆడిందంటే మాత్రం తేలుకొండే. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఓసారి పడవలో అంచులు గట్టిగా పట్టుకుని, "అమ్మా, ఈ పడవ భద్రమేనా?" అని అడిగాడు.

"మీరు ప్రార్థన చెయ్యండి పాస్టరుగారూ, నేను తెడ్డేత్తాను. ఇద్దర్లో ఎవరిదో ఒకరిది పనిచేత్తది" అంది.

ఆమె మెత్తబడేది ఒక్క ఊనా దగ్గరే. ఊనా చెల్లెలు. ఊనాని కని తల్లి పోయింది. అప్పటికి గ్రిజెల్‌కి పదేళ్ళు. ఏట్లో పడిపోకుండా ఆ పసిదాన్ని నడుముకి తాడు కట్టి పడవ బల్లకి ముడేసి, దాన్ని చూసుకుంటూనే తండ్రికి సాయంగా తెడ్డు వేసేదట. చెల్లెల్ని అలా పెంచి, అవతలి ఒడ్డున గొర్రెలు కాసే సిమ్ లైల్‌కి ఇచ్చి పెళ్ళి చేసింది. ఆ ఇల్లు రేవుకి కేకేస్తే వినిపించేంత దూరం. ఊనా పుట్టింటికి రావాలంటే గంట కొట్టేది: మూడు పెద్ద దెబ్బలు, తర్వాత నాలుగోది చిన్నగా, గోరుతో మీటినట్టు. అది అక్కకి.

"వత్తన్నానే! గంట పగలగొట్టకు!" అని ఇవతల నుంచి అరిచేది గ్రిజెల్. ఊళ్ళో ఆమె నవ్వు మొహం చూడాలంటే ఆ నాలుగో దెబ్బ మోగాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధం అయిన రెండేళ్ళకి, అక్టోబరు నెల. వలలు ఆగస్టులోనే ఎత్తేశాం. నేను రేవు పాకలో కూర్చుని గ్రిజెల్ పడవకి తారు పూయడానికి సాయం చేస్తున్నాను. నా పేరు వాటీ, నాకప్పుడు ఇరవై నాలుగు. పొద్దున తొమ్మిదయింది. చేయి చాపితే వేళ్ళు కనపడనంత మంచు. కొండల్లో వానలు పడి ఏరు నిండుగా పోతోంది, ఆ హోరులో పక్క మనిషి మాటే సరిగా వినపడటం లేదు. పొయ్యి మీద టీ మరుగుతోంది.

గంట మోగింది. ఒకటి.

గ్రిజెల్ అప్పుడే లేచింది. రెండోది మోగేసరికి గోడకున్న తెడ్లు చేతిలోకి తీసుకుంది. తర్వాత ఏమీ లేదు. ఇద్దరం చెవులు రిక్కించి నిలబడ్డాం. మూడోది రాలేదు.

"అయినా ఎల్తాను" అంది.

నేను ఆమె ముంజేయి పట్టుకున్నాను. "రెండే అక్కా. కూకో. మీ తాత సంగతి మర్చిపోయేవా?"

"ఊనాకి నెలలు నిండుతున్నాయిరా."

"ఊనక్క మనిషైతే మూడు కొడతాడు కదా. అటువైపోళ్ళకి తెలీదా ఏంటి? కూకో."

ఆమె నా చేతి కేసి చూసింది. తర్వాత కూర్చుంది. నేను టీ పోశాను. నా టీ నేను పూర్తిగా తాగాను. ఈ సంగతి ఇప్పుడు రాస్తుంటే నాకు ఆ టీయే గుర్తొస్తోంది, అందులో పంచదార వేసుకున్నాను కూడా.

అరగంటకి మంచు కొంచెం పలచబడింది. అవతల స్తంభం కనిపించింది. స్తంభం రెండు నిలువుల ఎత్తు, గంట పైనెక్కడో ఉంటుంది, తాడు కిందికి వేలాడాలి. తాడు లేదు. గంట నాలుక దగ్గర మూరెడు ముక్క ఊగుతోంది, అంతే. యుద్ధం తర్వాత కొత్త తాడు దొరక్క, గ్రిజెల్ ఆ ఏడు మా వలల తాడు పాతది కట్టింది. అది రెండో దెబ్బకి తెగిపోయింది. సిమ్ ఎంత అరిచాడో, అరిచింది ఏటి హోరులో కలిసిపోయింది. లోపల ఊనాకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి, మంత్రసాని ఇవతలి ఒడ్డున ఉంది. ఎండాకాలంలో గొర్రెల్ని దాటించే రాళ్ళ మీదుగా దిగాడు. ఎండాకాలం కాదు కదా అది.

మూడో రోజున మా వలలు ఆరేసే రాళ్ళ దగ్గర నాకే దొరికాడు. కుడిచేతికి తాడు ముక్క రెండు చుట్లు చుట్టి ఉంది, పిడికిలి విప్పడానికి చాలాసేపు పట్టింది. బిడ్డ నాలుగు రోజులు బతికి పోయింది.

ఇవతల దొరికిన శవం కాబట్టి సిమ్ పెట్టె కూడా పడవలోనే దాటాలి. అవతల ఊనా గంట కొట్టింది, ఎవరో కొత్త తాడు కట్టి ఇస్తే. మూడు దెబ్బలు. గ్రిజెల్ ఒక తెడ్డు, నేనొక తెడ్డు. రేవులో ఊనా ఒక్కతే నిలబడి ఉంది. బాలింత, మొహంలో రక్తం లేదు. అక్కని మాత్రమే చూసి అడిగింది.

"గంట మోగింది. ఇన్నావు కదా?"

"ఇన్నాను."

"ఇని కూకున్నావు."

గ్రిజెల్ నా వైపు చూడలేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. నా వైపు చూసి ఉంటే నేను చెప్పేవాణ్ణేమో. "కూకున్నాను" అంది.

"ఇంక ఈ గంట నేను ముట్టను. నీ పడవ ఎక్కను. నా గడప తొక్కకు" అని ఊనా పెట్టె వెంట నడిచింది. నేను గాలానికి పడ్డ చేపలా నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఏటి మధ్యలో నాకు ఏడుపొచ్చింది. "అక్కా, నేను ఎల్లి చెప్పేత్తాను. నిన్ను ఆపింది నేనేనని."

"తెడ్లు ఎవరివిరా?" అంది.

"నీయి."

"మరి నోరుమూసుకుని లాగు."

ఆ మాటని నేను ఆజ్ఞలా తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె ఆ మాట అనగానే నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. అనకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తప్పు చేసినవాడికి క్షమ దొరికితే సిగ్గేస్తుంది, మినహాయింపు దొరికితే హాయిగా ఉంటుంది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు హాయిగా ఉన్నాను.

ఊనా మాట తప్పలేదు. ఉప్పు కావాలన్నా దీపం నూనె కావాలన్నా మూడు మైళ్ళు పైకి నడిచి, వంతెన దాటి, మూడు మైళ్ళు కిందికి నడిచి మా కొట్టుకి వచ్చేది. కొట్టు నుంచి చూస్తే ఆమె ఇంటి పొగ కనిపిస్తుంది. సరుకులు తీసుకుని మళ్ళీ ఆరు మైళ్ళు. గ్రిజెల్ కొట్లో ఉంటే ఊనా బయట వానలో నిలబడేది. "లోపలికి రావే తల్లీ, తడుత్తన్నావు" అని కొట్టామె పిలిస్తే, "నాకు నీళ్ళు అలవాటే" అనేది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ఎముక.

గ్రిజెల్ ఆ తర్వాత ఏ గంటకీ కూర్చోలేదు. ఒకటి మోగినా పోయేది. గాలికి మోగినా పోయేది. ఎవరిదో ఆవు స్తంభానికి వీపు రుద్దుకుంటే పోయింది, ఆవుని చూసి వెనక్కి వచ్చింది. గాలాలు వేసుకోవడానికొచ్చే పట్నం కుర్రాళ్ళు వేళాకోళానికి ఒక్క దెబ్బ కొట్టి పొదల్లో దాక్కునేవాళ్ళు. ఆమె అటు దాటేది, ఒడ్డు చివరి దాకా నడిచి చూసేది, మళ్ళీ ఇటు దాటేది. ఊళ్ళో మొదట జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత నవ్వారు.

"ఏం గ్రిజెలక్కా, ఇవాళ ఎవర్ని దాటించేవు, కొంగనా?" అనేవాడు డాడ్ స్పింక్. మా వలల బృందానికి పెద్ద.

"దాన్నే. నీకన్నా మర్యాదగా కూకుంది" అనేది.

ఏటా నవంబరు పదకొండున, మార్టిన్మస్ పండగ రోజున, అవతలి స్తంభానికి కొత్త తాడు కట్టేది. మణికట్టు లావు తాడు, ఓడలకి వాడేది. కట్టి, దాని మీద తన బరువంతా వేసి వేలాడి చూసేది. పొడుగాటి ముసలి మనిషి, తండ్రి కోటేసుకుని తాడుకి వేలాడుతుంటే చూడ్డానికి నవ్వొచ్చేలానే ఉండేది. అప్పుడు ఊనా ఇంట్లో తెర కదిలేది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

బస్సు వచ్చాక రేవులోకి వచ్చేవాళ్ళు తగ్గారు. తర్వాత ఇక పడవ అక్కర్లేదని పైవాళ్ళ నుంచి కాగితం వచ్చింది. గ్రిజెల్ దాన్ని చదివి, పొయ్యి రాజేసుకుంది. చావులుంటే దాటించేది, మిగతా రోజుల్లో కిటికీ దగ్గర కూర్చునేది. ఆమె దేనికోసం కూర్చుందో ఊరందరికీ తెలుసు. ఊనా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ తాడు పట్టుకోవాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి కూడా ఏమీ అడిగినట్టు లేదు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం మార్టిన్మస్‌కి వాన. తాడు కట్టడానికి ఒక్కతే వెళ్ళి, తడిసి ముద్దయి వచ్చింది. మర్నాటికి మంచం పట్టింది. ఛాతీలో నీరు చేరింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను గంజి తాగిద్దామని కూర్చుంటే చెంచా పక్కకి తోసేసింది.

"వాటీ, నా పెట్టె దాటాలంటే అది గంట కొట్టాలి కదరా."

"కొడతది అక్కా."

"కొట్టకపోతే?"

"నేను ఇప్పుడే ఎల్లి చెప్తాను. ఆ రోజు జరిగింది మొత్తం చెప్తాను."

ఆమె నవ్వింది, ఆ నవ్వుకి దగ్గొచ్చింది. "ముప్పై ఏళ్ళు తిని అరిగించుకున్నదాన్ని ఇప్పుడు కక్కుతావేంట్రా? నేను బతికుండగా చెప్పకు. అది నన్ను తిట్టుకునైనా తలుచుకుంటంది రోజూ. అదీ లేకుండా చెయ్యకు." మళ్ళీ అంది. "కొట్టకపోతే వంతెన మీంచి తీసుకుపోండి. దాన్ని మాత్రం బలవంతం చెయ్యకండి."

వంతెన మీంచి! ఊరిలో శవాలన్నిటినీ దాటించిన మనిషి! నేను కుర్చీలోంచి లేచిపోయాను, ఆమె ముందు ఏడవలేక. ఆ రాత్రి గడవలేదు ఆమెకి. కోటు జేబులో గట్టిపడిపోయిన తాడు ముక్క దొరికింది, సిమ్ పిడికిట్లోంచి నేను తీసింది. పెట్టెలో ఆమె చేతి కింద పెట్టాను.

ఊనాకి పాస్టరుగారు కబురు చెప్పాడు. "ఇన్నాను" అందట, తలుపు వేసేసిందట. అంతకుమించి ఏమీ తెలీదు మాకు.

శనివారం పన్నెండు గంటలకి రేవులో పడవలో పెట్టె పెట్టాం. ఊరంతా ఒడ్డున ఉంది. ఓట్ రొట్టె ముక్కలు, ఒక్కో గుక్క విస్కీ పంచారు. మధ్యాహ్నమైనా మంచు వదల్లేదు, అవతలి ఒడ్డు ఉందో లేదో తెలీడం లేదు. పన్నెండున్నరయింది. ఒంటిగంటయింది. ఆడవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. వంతెన దగ్గరికి బండి పంపుదామా అని ఎవరో గుసగుసలాడారు.

గంట మోగింది.

ఒక్కసారిగా అందరూ టోపీలు తీశారు. రెండోది మోగింది. మేం ఆరుగురం తెడ్ల మీద చేతులేసి మూడోదానికోసం చూస్తున్నాం.

రాలేదు.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఏరు హోరు తప్ప ఏమీ లేదు. తాడు తెగే ప్రశ్నే లేదు, అది గ్రిజెల్ కట్టిన తాడు. నా పక్కనున్న డాడ్ స్పింక్, ఎనభై ఏళ్ళ ముసలాయన, నా ముంజేయి పట్టుకున్నాడు.

"రెండేరా. కూకో వాటీ."

ఆ మాట, ఆ చేయి. నా మాట నాకే తిరిగొచ్చింది. "నా చెయ్యొదులు డాడ్ మావా" అన్నాను. వదల్లేదు. విదిలించుకున్నాను. "రానోళ్ళు దిగిపోండి" అన్నాను. నలుగురు దిగిపోయారు. వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళూ ఆ రాయి చూసి పెరిగినవాళ్ళే. డాడ్ మాత్రం బూతులు తిట్టుకుంటూ రెండో తెడ్డు పట్టుకున్నాడు.

అవతలి రేవు ఉన్నట్టుండి మంచులోంచి బయటపడింది. ఊనా స్తంభం కింద నిలబడి ఉంది. నల్లబట్టలు, నెరిసిన జుట్టు, రెండు చేతులతో ఆ లావు తాడు పట్టుకుని. మమ్మల్ని చూసి ఆమె మొహం అదోలా అయిపోయింది.

"రెండే కొట్టేను" అంది.

"ఇన్నాం."

"మరి వచ్చేరే."

"వచ్చాం."

"చూసేవా! రావచ్చు. మడిసి అనుకుంటే రెండింటికీ రావచ్చు." పడవలో పెట్టె కేసి చూసింది. "మా అక్క రాలేదు."

నేను పడవలోంచి ఒడ్డు మీదికి దిగాను. "ఊనక్కా, మీ అక్క మొదటి దెబ్బకే లేచింది. రెండోదానికి తెడ్లు తీసుకుంది. అయినా ఎల్తానంది. చెయ్యి పట్టుకుని కూకోబెట్టింది నేను. మీ తాత పేరు చెప్పి భయపెట్టింది నేను. తను నీకు చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. నేనూ చెప్పలేదు."

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఊరికే చూసింది, నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు.

"నువ్వు కొట్లో ఉప్పు కొంటా నా పక్కనే నిలబడేవాడివి కదా వాటీ" అంది.

"అవును."

"ఎన్నేళ్ళు?"

"ముప్పై ఒకటి."

"ఈ ముక్క చెప్పడానికి ఎంతసేపు పట్టింది నీకు ఇప్పుడు?"

ఆమె నన్ను దాటుకుని నీళ్ళలోకి దిగింది, బూట్లతోనే. పెట్టె మీద చెయ్యేసి, చెక్క మీద తేమని అరచేత్తో తుడిచింది, మూల నుంచి మూల దాకా. డాడ్ టోపీతో మొహం కప్పుకున్నాడు. తర్వాత ఆమె వెనక్కి వచ్చి తాడు పట్టుకుంది. బరువంతా వేసి లాగింది. మూడోది. ఊరి వైపు ఒడ్డున జనం కదిలిన అలికిడి మంచులోంచి మాకు వినిపించింది.

ఆమె తాడు వదల్లేదు. ఇంకొకటి కొట్టింది. చిన్నగా, గోరుతో మీటినట్టు.

కొట్టి, తల వంచి, చెవి ఊరి వైపు పెట్టి నిలబడింది. అరిచి జవాబు చెప్పాల్సిన మనిషి పడవలో పడుకుని ఉంది.